పడవ రాదని చెప్పడం

మొదటి రోజే హెడ్‌సెట్లు పంచారు.
సెయింట్ జాన్స్‌లో ఫిబ్రవరి. కిటికీలోంచి రేవు కనబడదు,
మంచు పైనుంచి కిందికి పడటం మానేసి
వీధికి అడ్డంగా పరుగెడుతోంది.

మాకు నేర్పడానికొచ్చినావిడ డెల్ఫీన్ కీపింగ్,
ఇరవై రెండేళ్లుగా ముఖం చూడని వాళ్లకి
ఏ కోర్సు ముందో ఏది వెనకో చెబుతోంది.
ఎవరో "ఈ పిల్లలు" అనబోతే చెయ్యెత్తి ఆపింది:
"నీకు రాబోయే మొదటి పిల్లకి
మనవడు పుట్టి ఆర్నెల్లయింది."

కుర్చీలు వీపులానించి వేసింది.
నా వెనక ఆస్రిక్ టల్క్, రిటైరయిన లెక్కల మాస్టారు.
ఆయన చేతిలో ఒక చీటీ, అందులో ఏముందో నాకు తెలీదు.
ఆయన విద్యార్థి. నేను సలహాదారు.

చదువెలా సాగుతోంది?
బానే ఉంది.
స్టాటిస్టిక్స్?
బానే ఉంది.
రెండో అసైన్‌మెంటు పంపినట్టు లేదే?
అదీ... బానే ఉంది.

నలభై సెకన్లలో నా దగ్గర ప్రశ్నలు నిండుకున్నాయి.
చేతిలో రూల్సు పుస్తకం ఉంది కదా, ఇక అందుకున్నాను:
కోర్సు వదులుకోవడానికి గడువు, ఫీజులో తిరిగొచ్చే భాగం,
సంతకం ఎక్కడ, ఫారం నంబరెంత.
ఎంత బాగా చదివానంటే
నాకే ముచ్చటేసింది.

తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.
ఆస్రిక్ అవతల గోడ దగ్గర కాఫీ కలుపుకుంటున్నాడు.
చీటీ కుర్చీలో ఉంది:
"ఏం అడిగినా బానే ఉందనండి.
రూల్సు మొదలెట్టగానే చప్పుడు కాకుండా లేచి వెళ్లండి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, చెవులు మాత్రం కాలిపోయాయి.

డెల్ఫీన్ వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది, నాకు వీపు చేసి.
"ఇదివరకేం చేసేదానివి?"
బర్జియో రేవులో పదకొండేళ్లు టికెట్లమ్మాను.
"పొగమంచుకి పడవ ఆగిపోతే ఏం చెప్పేదానివి?"
పడవ రాదని చెప్పేదాన్ని.
"తర్వాత?"
అవతల మీకోసం ఎవరన్నా ఎదురుచూస్తున్నారా అని అడిగేదాన్ని.
ఫ్లాస్కులో టీ ఉంటే పోసేదాన్ని.
"టికెట్ డబ్బుల సంగతి?"
అది... వాళ్లు టీ తాగాక.

ఆవిడ ఇంకేం అనలేదు. లేచి తర్వాతి కుర్చీ దగ్గరికెళ్లింది.

ఏప్రిల్లో నా మొదటి ఫోను, లియోనా డర్న్‌ఫర్డ్.
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, యాభై రెండేళ్లు.
రికార్డు చూస్తే
రోజూ తెల్లవారుజామున మూడూ పదికి వస్తుంది,
అదే పాఠం తెరుస్తుంది, పదకొండు నిమిషాలు ఉంచుతుంది, మూసేస్తుంది.
కెమెరా ఆపేసింది.
ఎలా ఉన్నారంటే బానే ఉన్నానంది.

ఊరుకున్నాను.
ఫ్రిజ్ మోత. ఎవరిదో దగ్గు. గిన్నెలో స్పూను.
నీళ్లు నములుతోందని తెలుస్తోంది,
ఆ నీళ్లేవో మింగనీ అని కూర్చున్నాను.
"తప్పాను కదా?" అంది చివరికి.

ఈ టర్మ్ పడవ వెళ్లిపోయింది లియోనా,
మళ్లీ మేలో ఉంది. ఇంట్లో మీతో ఎవరన్నా ఉన్నారా?

చాలాసేపు ఏం లేదు. లైను పోయిందనుకున్నాను.
"బర్జియో రేవులో ఉండేదానివి నువ్వు.
ఆ గొంతు మరిచిపోతానా.
మా అమ్మని పూడ్చిన రోజు పడవ రాదని చెప్పింది నువ్వే."

నాకు గుర్తు లేదు. ఎన్నో మంచు రోజులు, ఎంతోమంది.
గుర్తుందని అబద్ధమాడబోయి ఆగాను.
"టీలో పంచదార మరీ ఎక్కువేశావు," అంది.

అప్పుడు ఫారం నంబరు చెప్పాను.
అటువైపు కాగితం మీద పెన్ను గీరుకుంటోంది,
ఒక అంకె మళ్లీ చెప్పమంది.