నాలుగు వందల ఏడో చెట్టు

సర్వరు అద్దె కట్టే ఆఫీసు మార్చిలో మూతపడింది.
అల్మాటీ కొండల్లో నేను తిరిగి రాసుకున్న
ఆరు వందల పన్నెండు అడవి ఆపిల్ చెట్లు,
ఏ వాలు, ఏ రాయి పక్కన, ఎంత వగరు,
రాత్రికి రాత్రి తెల్ల పేజీ.
నా డిస్కు అప్పటికే నిద్రలో పళ్ళు కొరుకుతోంది.

రెండేళ్ళ కిందట యెర్దోస్ దాన్ని తునకలు చేసి
అడిగినవాళ్ళకల్లా పంచాడు.
దొంగ సినిమాలు నడిచే దారిలో నా చెట్లా
అని తిట్టాను.

ఇవాళ ఆ దారినే తిరిగొస్తున్నాయి:
బిష్కెక్‌లో పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఆకుల ఫొటోలు,
పోర్టో నుంచి పూత తేదీలు,
పేరు చెప్పని ఒకడి నుంచి గబగబా మూడు వందల పేజీలు.
ఇచ్చినా తరగని చేబదులు.

తొంభై తొమ్మిది పాయింట్ ఏడు దగ్గర ఆగింది.
నాలుగు రోజులు.
ఆ తునక ఉన్నవాడు ఎక్కడో కంప్యూటరు తెరవాలి.
టీ చల్లారింది. మళ్ళీ కాచాను.

ఆపిల్ గింజ నాటితే తల్లి పండు కాయదని
నలభై ఏళ్ళు పాఠం చెప్పాను.
ఈ గింజ అలా కాదట,
ఒక్క అక్షరం మారినా వేలిముద్ర కలవదు,
పారేస్తుందట.

ఐదో రోజు తెల్లారకముందే తార్తూలో ఎవరో లేచారు.
నూరు.

ఆగిన ఫైలు తెరిచాను. నా చేతిరాతే:
"407. పులుపు. ఎలుగు కొరికి వదిలేసింది. మళ్ళీ రావాలి."
వెళ్ళలేదు.
ఆ వాలు మీద ఇప్పుడు ఇళ్ళు.

యెర్దోస్ కంప్యూటరు కట్టేయబోయాడు.
ఉండనీ అన్నాను, కరెంటు బిల్లు నాది.
తార్తూ డిస్కూ ఏదో రాత్రి పళ్ళు కొరుకుతుంది.