ఏడో స్తంభం

ఈ దీవి పేరే ఉప్పు.
పోర్చుగీసులో సాల్ అంటే అంతే, దాచిందేమీ లేదు.
పాల్మెయిరా రేవులో చేపల గిడ్డంగి కింద
పన్నెండు స్తంభాలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి
నలభై ఏడేళ్ళుగా ఎవరికోసమో కాచుకున్నట్టున్నాయి.
నా కోసమే కావచ్చు.
చేతిలో అరకిలో సుత్తి, జేబులో సుద్దముక్క.

కొడతాను. వింటాను.
గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది,
లోపల విడిపోయింది తడిసిన డప్పులా బొదబొదమంటుంది.
పుచ్చకాయ బేరమాడిన వాళ్ళెవరికైనా
ఈ చదువు కొత్తగా చెప్పక్కర్లేదు.
ఒకటి డొల్ల. రెండు డొల్ల.
మూడోదానికి కిందటేడే రంగేశారు,
పైన పటారం, లోన లొటారం.
నాలుగోదాని పెచ్చు నేను కొట్టకముందే
ఊడి నా బూటు మీద పడింది.

లోపల ఊచలు.
పదహారు మిల్లీమీటర్లవి,
ఇప్పుడు కొన్నిచోట్ల పెన్సిలంత కూడా లేవు.
చుట్టూ మాత్రం పొరలు, తడిసి ఉబ్బిన చిట్టాపుస్తకంలా.
తుప్పు ఇనుముని తింటుందంటారు.
తిని ఊరుకుంటే బాగుండును, లావెక్కుతుంది.
ఉన్న చోటు చాలక మోచేతులతో పొడుస్తుంది,
రాయిలాంటి కాంక్రీటు నెర్రెలిచ్చేదాకా.
సిమెంటు తన క్షారంతో ఊచకి ఒక చొక్కా తొడుగుతుంది,
కంటికి ఆననంత పల్చన.
అది ఒంటిమీద ఉన్నన్నాళ్ళూ ఇనుముకి ఏ జబ్బూ లేదు.
ఉప్పు వస్తుంది, సూదిమొనంత చిల్లు పెడుతుంది.
ఒక్కచోట చాలు.

కంపెనీ వాళ్ళు అడిగింది ఒకటే:
నాసిరకం ఇనుమా?
కాదు. కాగితాలు చూశాను.
ఒకే ఓడ, ఒకే కట్ట, లిస్బన్ మిల్లు ముద్ర.
వంచి చూశారు, లాగి చూశారు, అన్నిట్లో పాసు.

ఏడోది ఖంగుమంది.

మళ్ళీ కొట్టాను. చుట్టూ తిరిగి,
అలలు తడిపి ఆరబెట్టే ఆ చెడ్డ జానెడు మేరా కొట్టాను.
ఖంగు.
డ్రిల్లు తెప్పించి తొలిస్తే
ఊచ బూడిదనీలం, నిన్న కట్టినట్టు.
బైండింగు తీగ ముడి కూడా బిగువు తగ్గలేదు.
ఊచకీ బయటికీ మధ్య ఎడం తగ్గకుండా ఒక సిమెంటు బిళ్ళ,
సార్డీన్ డబ్బాలో పోత పోసింది.
దానిమీద ఒక బొటనవేలు గుర్తు.

న్యో వాల్దెమీరు కాఫీకొట్టు ముందు
ఊరిల్ పలక మీద గింజలు పంచుతున్నాడు.
బిళ్ళ చూసి, పట్టుకుని, తిరగేసి,
"ఫిర్మీనా" అన్నాడు.
"ఆ ఏడు వాన చుక్క లేదు.
ఇసుక ఒడ్డునుంచే, ఆడవాళ్ళు నెత్తిన మోసేవాళ్ళు.
కడగడానికి నీళ్ళెక్కడివమ్మా, తాగడానికే కొలిచి పోసేవాళ్ళు.
ఇది మాత్రం చిటికెడు ఇసుక నోట్లో వేసుకునేది.
ఉప్పగా ఉంటే ఉమ్మేసి ఇంకో బిందె.
మా ముఠాలోకి ఏడోదానికి వచ్చింది.
ఎనిమిదోదానికి మేస్త్రీ తీసేశాడు,
నీళ్ళ దొంగ అని."

తర్వాత?
"రోములో ఎవరింట్లోనో పనికి కుదిరిందన్నారు."
గింజ ఒకటి గుంటలో పడేశాడు.
ఆట వంతు తనది కాదని అవతలివాడు గొడవపెట్టుకున్నాడు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు.
ఇసుక తింటే?
రిపోర్టులో గడులున్నాయి:
ఊచ వ్యాసం, పైపూత మందం, క్లోరైడు శాతం.
ఏడోదాని ఎదురుగా "మరమ్మతు అక్కర్లేదు" అని రాసి
కారణం అన్న గడిలో
చాలాసేపు పెన్ను ఆనించి ఉంచాను. సిరా చుక్క పడింది.

సోమవారం కొత్త ఊచలు దిగాయి.
తుప్పు పట్టని రకం,
ధర విని మేనేజరు కుర్చీ వెతుక్కున్నాడు.
వెనకే ఇసుక లారీ.
కడిగిందేనా అన్నాను.
"సర్టిఫికెట్ ఉంది మేడమ్",
డ్రైవరు కాగితం దులిపి చూపించాడు.

చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను.
వాడు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.