సవరణ

మా ఎడిటరు పాలంకి సత్యలింగం గారు
పొద్దున్నే ముందు నా వేళ్లు చదివేవారు.
సీసం నలుపు ఎంతవరకు ఎక్కిందో చూసి
"రెండు కాలాలు అయినట్టున్నాయే" అనేవారు.

రాజోలు బస్టాండు వెనక పెంకుటిల్లు.
ముందుగదిలో తొక్కుడు మిషను,
వెనకగదిలో చందాకి బదులొచ్చిన కొబ్బరికాయలు.
పత్రిక పేరు 'పాయ'.
"నది అని పెట్టుకునేన్ని నీళ్లు మన దగ్గర లేవులే" అన్నారు.

ఎమర్జెన్సీలో సంపాదకీయం కాకినాడ పంపి
ముద్ర వేయించుకు రమ్మన్నారు.
ఆయన పంపలేదు.
ఆ చోట కాలువ వంతుల పట్టిక వేశారు,
'లాకులు మూసిన రోజులు' అని పైన పెట్టి.
రైతులు చూరులో దాచుకున్నారు.
ఆఫీసరుకి అర్థమయ్యేసరికి
కాలువలు వదిలేశారు.

రొయ్యల మేత కంపెనీ ప్రకటన పక్కనే
ఉప్పెక్కి ఎర్రబారిన వరిచేను ఫొటో వేశారొకసారి.
ప్రకటన పోయింది.
ఆ నెల నా జీతం రెండు గెలలు చక్కెరకేళీ.
నేను అరిచాను. ఆయనా అరిచారు.
తర్వాత ఇద్దరం కూర్చుని అవే తిన్నాం.

నవంబరు తుఫానుకి
కలెక్టరాఫీసు ఒక అంకె ఇచ్చింది.
"అంకె వద్దు. పేర్లు వేద్దాం" అన్నారు.
నాటు పడవలో, మొలలోతు బురదలో
ఐదు రోజులు తిరిగి
తడిసిన నోటుబుక్కు తెచ్చి నా ముందు ఆరబెట్టారు.
లాంతరు దగ్గర పేర్చడం మొదలెట్టాను.
సత్యమ్మ. గంగమ్మ. ధనమ్మ. రామాయమ్మ.
మళ్లీ ఇంకో సత్యమ్మ, మూడేళ్లది.
అర్ధరాత్రికి గళ్లో 'మ' అయిపోయింది,
దాని ఒత్తూ అయిపోయింది.
ఇంకా పేజీన్నర ఆడవాళ్లు మిగిలున్నారు.

ఆయన చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి
శుభలేఖలు వేసే ప్రెస్సు తలుపు బాది
రుమాల్లో మూటగట్టి తెచ్చారు
దోసెడు 'మ'లు.
పెళ్లి అక్షరాలు. వంపు కొంచెం ఎక్కువ.
ఆ సంచిక చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది
మా అక్షరాలు ఎక్కడ చాలలేదో.

పన్నెండో రోజు గుమ్మంలో ఒకావిడ.
"సంగాడి నూకమ్మని నేనేనండి.
నన్నెందుకు సంపేసేరు?"
ఆయన లేచి నిలబడి కుర్చీ జరిపారు.
వారం ఆగలేదు.
ఒంటికాగితం వేసి సైకిలు మీద ఊరూరా పంచారు,
ఉన్నవాటిలోకెల్లా పెద్ద టైపులో:
సవరణ. సంగాడి నూకమ్మ బతికే ఉంది.
"పదేళ్లయింది ఆ టైపు కొని.
ఇన్నాళ్లకి పనికొచ్చిందిరా."

మొన్న మంచం మీంచి కబురు పెట్టారు.
మిషను ఎప్పుడో పాతినుముకి పోయింది.
కంప్యూటరు కుర్రాడు ఆయన మరణవార్త
ముందే తయారుచేసి ఉంచాడు.
చదవమన్నారు. చదివాను.
'మహోన్నత' దగ్గర వేలెత్తారు. కొట్టేశాను.
'నిర్భీక' దగ్గర ఎత్తారు.
'అక్షర తపస్వి' దగ్గర నవ్వారో దగ్గారో తెలియలేదు.
అన్నీ పోయాక మూడు వాక్యాలు మిగిలాయి.

"ఇంకోటి రాసుకో" అన్నారు.

సవరణ. ఎనభైమూడు జూలైలో రైసుమిల్లు గోడ కూలి
కాశి చిట్టెమ్మ, గుత్తుల సుబ్బాయమ్మ చనిపోయారు.
మిల్లువారు కాగితానికి అప్పు ఇచ్చి ఉన్నందున
మేము ఆ వార్త వేయలేదు.

"మేము కాదురా. నేను."
ఆయన చూస్తుండగానే మార్చాను.

ఆ జూలై రాత్రి ఆ వార్త పేర్చిన చేతులివి.
విప్పేసి, ఆ రెండు పేర్లలోని 'మ'లు
తిరిగి గళ్లో వేసినవీ ఇవే.

నిన్న సాయంత్రం, పేజీ వెళ్లేముందు,
కుర్రాణ్ణి పక్కకి జరగమని
నలభై ఏళ్లలో మొదటిసారి
ఆయన దిద్దుబాటు కాదని
మళ్లీ 'మేము' పెట్టాను.