బోర్డు మీద ఇంకా మూడు గీతలు

నాకు గోల్ఫు రాదు.
ఇంగ్లీషూ రాదు.
కాగితం మీద రాసిస్తే
అక్షరం బొమ్మ చూసి అట్నే టేకు మీదికి దించుతాను.
పెయింటర్ కాశింవలి, తారాపేట.
కుడిపక్క అడుగున కందిగింజంత సంతకం, చూడండి.

డెబ్బై నాలుగులో మొదటి గీత.
యనమలకుదురు కట్ట దిగి, జిల్లేళ్ళు కొట్టించి
ఇరిగేషను ఇంజనీర్లూ రైల్వే ఆఫీసర్లూ
తొమ్మిది గుంటలు తవ్వించుకున్నారు.
ఎండాకాలం బెజవాడలో పచ్చిక ఎక్కడిది?
గుంట చుట్టూ ఏటి ఇసక పోసి
ఆటోనగర్ నుంచి కాలిన ఇంజనాయిలు డబ్బాలతో మోయించి
కలిపి తొక్కించారు.
ఆ నల్లటి చాపని బ్రౌను అనేవాళ్ళు, ఎందుకో మరి.
బంతి దొర్లితే చార పడేది.
గోతంపట్టా ఈడ్చుకుంటూ
ఓ పిల్లాడు వెనకాలే చెరిపేవాడు.

డబ్బుకి ఆడేవాళ్ళని పిలిచిన మొదటి పోటీ:
వెయ్యిన్నూట పదహార్లు,
పైన గుంటూరు పొగాకు షావుకారి గోడగడియారం.
కలకత్తా నుంచి రైల్లో వచ్చి గెల్చుకుపోయాడు నిర్మల్ హాల్దార్.
మోయలేక గడియారం ప్లాట్‌ఫారం మీదే అమ్మేశాడట.
బంగారు రంగులో నేను రాసిన మొదటి పేరు.

డెబ్బై ఏడులో పోటీ జరగలేదు.
దివిసీమ జనం మూడు వారాలు ఆ హాల్లో పడుకున్నారు,
బంతుల బుట్టల్లో పసిపిల్లలు.
"ఆ గీత ఖాళీగా వదిలెయ్" అన్నాడు సెక్రటరీ.
నేను విన్లేదు.
వచ్చిన భాషలో రాశాను: తుఫాను.
గెలిచింది అదేగా.
"చెరుపు" అని అరిచాడు, గుడ్డ నా చేతికిచ్చాడు,
బోర్డు వంక కాసేపు చూసి
గుడ్డ మళ్ళీ తీసుకుని మొహం తుడుచుకున్నాడు.
బోర్డు మొత్తానికి తెలుగుమాట అదొక్కటే.

తర్వాత మద్రాసు పేర్లు, ఢిల్లీ పేర్లు.
పదహార్లు పదహారు వేలైంది, గడియారం స్కూటరైంది.

తొంభై ఒకటిలో గెలిచాడు యేసుపాదం.
చారలు చెరిపిన పిల్లాడే.
అప్పు తెచ్చిన కర్రలు, ఒక చేతికే తొడుగు.
ఇసక ఎటు వాలుతుందో
పట్టా ఈడ్చిన భుజానికి తెలుసు.
"ఇనీషియల్?" అన్నారు కమిటీవాళ్ళు.
"మరియమ్మ. ఆయిలు డబ్బాలు మోసింది ఆవిడే."
మిగతా అక్షరాలకన్నా ఆ ముందరి అక్షరం
నూలుపోగంత పెద్దగా వేశాను.
ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు.

హాల్లోకి కేడీలకి ప్రవేశం లేదు, గెలిచినా.
కిటికీ రెక్కల సందులోంచి చూసుకుంటున్నాడు
తన పేరు, సగం సగంగా.
"నిచ్చెన పట్టుకునే మనిషి కావాలండీ" అన్నాను.
సాయంత్రం దాకా పట్టుకున్నాడు.
నేను ఎప్పుడో అయిపోయిన అక్షరాలకి
మళ్ళీ మళ్ళీ రంగు వేస్తూనే ఉన్నాను.

తొమ్మిదిలో కృష్ణమ్మ కట్ట దాటింది.
మెరుగుకని దించి గోడకానించిన బోర్డు
నడుముదాకా మునిగింది.
బురద గీత సరిగ్గా యేసుపాదం కింద ఆగింది.
కింది పేర్లన్నీ కొట్టుకుపోతే
కూలి లెక్కల పుస్తకంలోంచి ఏరి మళ్ళీ రాశాను.
కూలి ఒక్కసారే ఇచ్చారు.

ఇప్పుడు గడ్డి వచ్చింది, బోర్లు వచ్చాయి,
ఎకరం రేటు వినడానికే భయమేస్తుంది.
కొత్త సెక్రటరీ గోడ కొలుచుకుంటున్నాడు,
అద్దం లాంటి తెర పెడతాడట, పేర్లు వాటంతటవే మారతాయట.
మారనీ.
టేకు మీద ఇంకా మూడు గీతలున్నాయి,
పెన్సిలుతో కొట్టి ఉంచాను.

ఈసారి గెలిచినాయన పేరు చెప్పండి.
పొట్టిదైతే మేలు,
చెయ్యి కాస్త వణుకుతోంది.