అన్నప్రాశన కాని రంపం

అటక మీంచి దించితే
గోనెసంచిలో పసుపురంగు ఇంకా మెరుస్తూనే ఉంది.
గొలుసు పళ్ళకి పూసిన గ్రీజు
గట్టిపడి తేనెమైనంలా అయింది.
నలభైమూడేళ్ళ మోటారు రంపం.
ఇంతవరకూ దీనికి అన్నప్రాశన కాలేదు.

నాయన ఎందుకు కొన్నాడో తెలుసు:
ఏదో రోడ్డు వెడల్పు చేస్తున్నారని
చెట్లు కొట్టే కంట్రాక్టు పట్టాడు.
ఎందుకు వాడలేదో తెలీదు.
పెట్రోలుకి డబ్బుల్లేక, అంటుంది అమ్మ.
మోతకి జడిసి, అంటాడు చిన్నాయన ఓబులేసు.
అడిగినప్పుడల్లా నాయన
బీడీ ఆర్పి వేరే మాట ఎత్తేవాడు.
మోటార్లకి తీగ చుట్టీ చుట్టీ పోయాడు,
వేళ్ళకి రాగి వాసనతో.

పోయిన ఆదివారం
కాక్స్‌టౌన్ నుంచి మెల్విన్ గారొచ్చారు,
పాత యంత్రాలు పోగేసే మనిషి.
ట్యాంకు మూత తిప్పి వాసన చూశారు,
పసిబిడ్డ నోరు చూసినట్టు.
"చుక్క కూడా తాగలేదు" అన్నారు.
కళ్ళు చెమర్చాయి, నిజంగానే.
తొంభై వేలిస్తారట. అద్దాల బీరువాలో పెడతారట,
లోపల చిన్న బల్బు కూడా.
పెట్రోలు తగిలిందా, పదిహేను వేలే.

చెయ్యని పనికి ఇంత ఖరీదా అని
ఆ రాత్రంతా లెక్కలేశాను.
అమ్మకొక ధర్మవరం చీర ఉండేది,
దాచి దాచి ఒకనాడు విప్పితే
మడతల్లో చీలిపోయి ఉంది.
కట్టినచోట కాదు, మడిచినచోట.

మంగళవారం సాయంత్రం మామిడి వాన.
విల్సన్ గార్డెన్‌లో మా క్రాసు మొదట్లో
కొమ్మ కాదు, సగం చెట్టు
కుప్పమ్మ ఇస్త్రీ బండి మీద పడింది.
అవతల టీ తాగుతోంది కాబట్టి మనిషి బతికింది.
కింద నలభై ఇళ్ళ బట్టలు.
పెట్టె తెరుచుకుని, వాటి మధ్య
బొగ్గులు ఇంకా ఎర్రగా.
కార్పొరేషన్‌కి ఫోన్ చేస్తే
"మీది అరవై రెండోది" అన్నారు
కన్నడంలో, మర్యాదగానే.

అందరూ నావైపు చూశారని చెప్పను.
రంపం సంగతి అక్కడెవరికీ తెలీదు.
తెలిసింది నాకొక్కడికే,
అదే ఇబ్బంది.

నిలబడ్డాను,
తొంభై వేలు వానలో ఎంతసేపు
నిలబడగలవో అంతసేపు.
తర్వాత స్కూటర్ ట్యాంకులో గొట్టం పెట్టి లాగితే
ఒక గుక్క నా నోట్లోకొచ్చింది.
దానికంటే ముందు నేనే తాగాను.

తాడు లాగాను. దగ్గలేదు.
పదిసార్లు. ఇరవై.
కార్బురేటర్లో రబ్బరుపొర
అప్పడమై ఎప్పుడో విరిగిపోయింది,
ఏ చెయ్యీ తగలకుండా, ఏ పనీ చెయ్యకుండా.

చివరికి బోండాల మునెప్ప కత్తి,
పాలబూత్ కుర్రాడి చేతిరంపం,
ఆరుగురం, రెండు గంటలు.
సగం బట్టలు దక్కాయి.
ఎవరిదో తెల్లచొక్కా వీపున
అరచేయంత కాలిన మచ్చ.
కుప్పమ్మ దాన్ని మడతపెట్టి
మచ్చ లోపలికి వచ్చేలా పెట్టింది.

మెల్విన్ గారికి నిజం చెప్పాను.
ఎవరో పోయారని విన్నట్టు
చాలాసేపు ఏమీ అనలేదు.

ఎస్పీ రోడ్డులో రబ్బరుపొర నూటఎనభై.
గురువారం బిగించాను.
మూడో లాగుకి దగ్గింది,
నాలుగోదానికి గొంతు విప్పింది.
లోపల్నుంచి అమ్మ "ఎవుర్రా అది" అని అరిచింది.
నీలంపొగ గోడమీది నాయన ఫోటో దాకా పోయింది.

కొయ్యడానికి ఏమీ లేదు.
వాకిట్లో సంపంగి చెట్టు,
నిన్నటి వాన ఇంకా కారుస్తూ.
దానివైపు చూసి ఆపేశాను.
నాయన కూడా ఇలాగే... ఏమో.
మోత ఆగాక చెవుల్లో చాలాసేపు
ఆ చెట్టే వినపడింది.

ఇప్పుడది అటక మీద లేదు, బీరువాలోనూ లేదు.
తలుపు పక్కన గొడుగు కొక్కెం కింద ఉంది,
ట్యాంకులో సగం దాకా పోసి.
వాన రావాలని కాదు.
వస్తే.