ఆరు వందల పన్నెండు గంటలు

డెబ్బైరెండు ఫిబ్రవరిల
చౌటుప్పల్ దాక బస్సు మీద, ఆడికెల్లి ఎడ్లబండిల
పుట్టపాకకొచ్చింది అన్న ఇనుపపెట్టె.
తాళంచెవి వేరేగ, రిజిస్టరు పోస్టుల,
మూడు రోజులు ఆలస్యంగ.

ఆ మూడు రోజులు నాయిన
పెట్టెకెదురుంగ కూసోని మగ్గం నేసిండు.
ఒక్క పోగు తెగలే.
అదే భయమైందని తర్వాతెప్పుడో చెప్పిండు.

తెరిస్తే
సగమరిగిన సబ్బు, దానికంటిన వెంట్రుక.
నల్లకండ్లద్దాలు.
మెస్సు బాకీ పదకొండు రూపాయల చీటీ,
ఎవరో ఎర్రసిరాతో కొట్టేసిన్రు.
పిన్నీసు గుచ్చిన రబ్బరుచెప్పు,
ఆకాశంల తిరిగేటోనిది!
చినిగిన పారాచూట్ గుడ్డముక్క.
నాయిన గోటికింద పెట్టి పోగులు లెక్కబెట్టిండు.
"మంచి నేత. చేతిది కాదు."

లాగ్‌బుక్కు సత్తార్ సారు చదివిండు.
మొత్తం ఆరు వందల పన్నెండు గంటలు.
ఆఖరి వరుస వేరే చేతిరాత.
బయలెల్లిన టైముంది,
దిగిన గడి ఖాళీ.
నాయిన పెదవులాడినయి.
దినానికి పది గంటల లెక్కన
రెండు నెలల పని.
"ఒక్క పడుగు గూడ దాటలే."

అమ్మ అడుగుదాక తడిమింది.
బనీన్ల నడుమ, అగ్గిపెట్టెల,
పిడికెడు నూలు.
సైకిల్ ట్యూబు పట్టీతో కట్టిన చిటికి.
పద్నాలుగేండ్లప్పుడు అన్న కట్టిందే,
"ఇట్ల బిగిస్తె ఎవడిప్పుతడ్రా" అని
నాయిన ఇసిరికొట్టిందే.
ముక్కుకు పెట్టుకున్నం ఒకరెనక ఒకరం.
అన్న వాసన కాదు.
ఆముదం, కాయలు కాల్చిన బూడిద:
మా ఇల్లు.

నాయిన కత్తి తీసిండు.
అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.
ముడికింద రంగు తాకని తెలుపుంటది,
నేసేటోళ్లకు ఎరికే.
అది చూస్తె పని అయిపోయినట్టు.

మార్కండేయులు వాని పేరు.
చావును గెలిచినోడని మా కులపోళ్లంత పెట్టుకునేదే.
వాడల ఎవరన్న పిలిస్తె
ముగ్గురు పలికేటోళ్లు,
అమ్మ తలుపుదాక పోయేది.

పోయినేడు మిలిట్రీ మనుషులొచ్చి
తెల్లగ్లౌజుల చేతులతోని అన్ని సర్దుకపోయిన్రు,
అద్దాల బీరువల పెడ్తరంట.
నాతోని సంతకం తీసుకున్న కాయితంల
పదిహేను సామాన్లు.
అగ్గిపెట్టె అండ్ల లేదు.

ముసురు పట్టినప్పుడు నూలు బరువెక్కుతది.
ఎండ పొడుస్తనే తీస్కపోయి అరుగుమీద పెడ్త.
నీడ రాకముందే
లోపలికి తెస్త.