తిరిగి చెప్పడం

టగ్గు మీద పనిచేసేవాడికి ఓడ కనబడదు.
కనబడేది ముక్కుకెదురుగా ఒక గోడ.
ఎర్రరంగు, తుప్పు, నాచు,
నీటిమట్టం కొలిచే తెల్లటి అంకెలు.
యారాడ కొండ ఎంత దగ్గరికొచ్చిందో
కాలువ ఎక్కడ సన్నబడిందో
పైన, అరవై అడుగుల ఎత్తున
పైలట్‌కి తెలుసు.
నాకు అతని గొంతు తెలుసు. అంతే.

"నెట్టు, మెల్లగా."
"నెట్టు, మెల్లగా" అంటాను సెట్టులోకి.
"ఆపు."
"ఆపు."
విన్న మాట తిరిగి చెప్పాలి, చెప్పాకే చెయ్యాలి.
విశాఖ రేవులో ఇరవై రెండేళ్ళు
ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

అడిగింది ఇంట్లో.

భీమిలిలో వదిన దీవెనమ్మ పోయిన వారానికి
మా కరుణామణి పులుసు వడ్డిస్తూ అంది,
"ఒనేసిముని మనింటికి తెచ్చుకుందాం."
పందొమ్మిదేళ్ళ గుంటడు.
చొక్కాకి బొత్తాం పెట్టుకోలేడు.
మనమేదంటే అదే అంటాడు,
సొంతంగా ఒక్క మాట లేదు.
ఆ పేరుకి పనికివచ్చేవాడని అర్థమట,
ఎవరు పెట్టారో.

అప్పటికే నా సంచిలో కలకత్తా టిక్కెట్టు.
మాస్టరు పరీక్షకి మూణ్ణెల్ల చదువు,
నలభై ఆరేళ్ళవాడికి ఆఖరి పిలుపు.
వాణ్ణి ఆమె ఒక్కతీ ఎత్తి కూచోబెట్టలేదు.

ఆ రాత్రి జ్ఞానాపురం మీద
బొగ్గుపొడి ఎప్పటిలాగే దిగింది.
డాబా మీద మోకరించాను. మోకాళ్ళు నల్లబడ్డాయి.
"ప్రభువా, ఇది నీ ప్రణాళికే అయితే
ఒక్కసారి పటం చూపించు."
వంతెన కిందనుంచి గూడ్సుబండి
చాలాసేపు పోతూనే ఉంది.
జవాబు అదేనేమో, తెలీదు.

తెల్లారి టిక్కెట్టు రద్దు చేశాను.
నోరు సరే అంది. దవడ అనలేదు.
ఆదివారం మందిరంలో అయ్యగారు నన్ను నిలబెట్టి
విధేయతంటే ఇదీ అని చెబుతుంటే
చాప అల్లిక లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.
తాడు కట్టి లాగితే ఏ పడవైనా వస్తుంది, అయ్యగారూ.

ఆర్నెల్లు వాడికి స్నానం చేయించాను,
మాడిన గిన్నె తోమినట్టు.
నా తర్వాత చేరిన అప్పలకొండ మాస్టరయ్యాడు.
అతని కిందే నా డ్యూటీ.
మంచివాడు. అదింకా కష్టం.

తుఫాను జెండా ఎగరేసిన రాత్రి,
కరెంటు లేదు. నన్ను రేవుకి రమ్మన్నారు.
గుమ్మం దగ్గరే కూలబడి "ప్రభువా" అన్నాను.
చీకట్లోంచి, "ప్రభువా."
"నాకు భయంగా ఉంది."
"నాకు భయంగా ఉంది."
"ఏమీ అర్థం కావడం లేదు."
"ఏమీ అర్థం కావడం లేదు."
ఆగిపోయాను.
కొవ్వొత్తి వెలుగులో వాడి ముఖం చూశాను.
నోరు కాస్త తెరిచి, మెడ నా వైపు చాచి,
తర్వాతి మాట కోసం.
సెట్టు చెవికి పెట్టుకుని నేనూ అట్లానే ఉంటానేమో.
ఆ ఎదురుచూపులో ఫిర్యాదు లేదు.
నా మాట వస్తుందని తప్ప
వాడికి ఇంకేం తెలుసని?

"నీ చిత్తం" అన్నాను.
ఎన్ని వేలసార్లు అన్న మాటో.
ఆ రోజు దవడ కూడా అంది.
"నీ చిత్తం" అన్నాడు వాడు,
నా రెయిన్‌కోటు అంచు పట్టుకుని.

పటం ఇప్పటికీ చూపలేదు.
నేనూ అడగడం మానేశాను,
మానేశానంటే, రోజూ కాదు.
అప్పలకొండ జీతం తెలిసిన నెల మళ్ళీ అడిగాను.

పొద్దున్నే వాడికి చొక్కా తొడుగుతాను.
బొత్తాం బొత్తాంకీ లెక్క.
"ఒకటి." "ఒకటి."
"రెండు." "రెండు."
మొన్న మూడో బొత్తాం దగ్గర దారం ఊడి
నేను సూది కోసం వెతుకుతుంటే
వెనకనుంచి వాడే, మెల్లగా,
"నాలుగు" అన్నాడు.

ఇల్లంతా ఆగింది.
తిరిగి చెప్పాల్సింది నేను.

చెప్పాను.